కందంలో నల్లి, మంచంలో నల్లి

నల్లి మీద తెలుగులో ఒక పద్యం ఉంది. పుస్తకాల్లోకంటే నోళ్ళలో ఎక్కువగా బతుకుతున్న పద్యం. శివుడు కొండ మీద పడుకోవడం, సూర్యచంద్రులు ఆకాశంలో ఉండిపోవడం, విష్ణుమూర్తి పాము మీద పవళించడం, ఇవన్నీ నల్లి బాధ పడలేకేనని ఆ కందం చెబుతుంది. బడికి వెళ్ళిన తెలుగువాళ్ళలో ఇది విననివాళ్ళు తక్కువ. పిల్లలు ఆవులిస్తున్నప్పుడు తెలుగు మేష్టారు చదువుతారు. పిల్లలు నవ్వుతారు. "హేతూత్ప్రేక్ష" అని ఒక ముద్ర వేసి మేష్టారు మళ్ళీ పాఠంలో పడతారు. అంతటితో పద్యం పని అయిపోతుంది.

నాకేమో దాని పని ఇంకా మిగిలే ఉందనిపిస్తుంది. నేను నిజామాబాదు వాణ్ణి, పెద్దవాళ్ళ లెక్కలో ఇందూరు వాణ్ణి. మా ఊళ్ళో నల్లి అంటే మటన్ దుకాణంలో మూలుగ ఉన్న బొక్క. ఒక దీర్ఘం చేర్చి నల్లా అంటే మునిసిపాలిటీ నీళ్ళ కుళాయి. వేసవిలో "నల్లా రాదు, నల్లి పోదు" అని మా గల్లీలో ఒకాయన నిట్టూర్చేవాడు. ఆ ఒక్క ముక్కలో మా ఊరి గ్రీష్మవర్ణన అంతా వచ్చేసింది. నేను ఈ కందాన్ని కుర్చీలో కూర్చుని తలుచుకున్న సందర్భాలు తక్కువ. తిరగేసిన మంచం పక్కన గొంతుక్కూర్చుని, చేతిలో గ్యాసునూనె గుడ్డతో తలుచుకున్న రోజులే ఎక్కువ. అందుచేత ఈ విమర్శకి కాస్త కిరసనాయిలు వాసన ఉంటుంది. సహృదయులు ముక్కు మూసుకుని చదవాలి.

ఈ కందానికి సంస్కృతంలో ఒక అక్కగారు ఉంది, చిన్న అనుష్టుప్పు. అందులో లక్ష్మి తామరపువ్వులో పడుకుంటుంది, హరుడు హిమాలయం మీద, హరి పాలసముద్రంలో. కారణం అదే, నల్లి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి "తెలుగుది దానికి అనువాదం" అని తేల్చేయడం మామూలు. నేను ఒప్పుకోను. కుట్టించుకోనివాడు రాసినదాన్ని కుట్టించుకున్నవాడు తిరగరాస్తే ఎలా ఉంటుందో అలా ఉంది తెలుగు పద్యం.

ఎలాగంటారా? సంస్కృత కవి "మన్యే" అన్నాడు, అంటే "అనుకుంటాను" అని. ఉత్ప్రేక్షకి అది కొండగుర్తు. తెలుగాయన అనుకోవడాల జోలికి పోలేదు. చివర "సుమీ" అని ఒక మాట వేశాడు. అది ఊహించేవాడి మాట కాదు, పక్కింటివాడు గోడ మీంచి తల పెట్టి "చెబుతున్నా విను" అనే మాట. సంస్కృతంలో "శంక" ఉంది. నల్లి ఉందేమో అన్న అనుమానానికే దేవతలు లేచిపోయారు. తెలుగులో "బాధ" ఉంది. అనుమానం దాటి, దీపం వెలిగించి, దుప్పటి దులిపి, గోళ్ళతో చంపి, మళ్ళీ పడుకుని, మళ్ళీ లేచి, "పడలేక" లేచిపోయారు. నల్లులున్న ఇంట్లో ఒక్క రాత్రి గడిపినవాళ్ళకి శంకకీ బాధకీ తేడా ఏమిటో నేను చెప్పనక్కర్లేదు.

మూడో మార్పు అన్నిటికంటే పెద్దది, దాన్ని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడినట్టు లేదు. తెలుగు పద్యంలో లక్ష్మి లేదు! సంస్కృతంలో మొట్టమొదట చెప్పింది ఆవిడ పడకనే. తెలుగులో ఆవిడ తామరపువ్వుని తీసేసి, ఆ జాగాలో సూర్యచంద్రుల్ని పెట్టారు. కందం ఇరుకు ఇల్లు, అందర్నీ పట్టించలేం అనవచ్చు. కాని ఇద్దరు మగ చుట్టాలకి చోటు దొరికిన ఇంట్లో ఇల్లాలికి దొరకలేదా? కవి ఆలోచించి చేశాడని నేననను. పద్యం మాత్రం అలా వచ్చింది, అలా రావడంలో ఒక నిజం ఉంది. నల్లులు పడ్డ ఇంట్లో మగవాడు చాప చంకన పెట్టుకుని డాబా మీదికో, అరుగు మీదికో, గుడి మండపంలోకో పోతాడు. ఆడమనిషి ఎక్కడికి పోతుంది? పిల్లలు లోపల, ముసలత్త లోపల, పొయ్యి లోపల.

ఇక దేవతలు ఎంచుకున్న పడకల సంగతి. వాటిని వడ్రంగి కన్నుతో చూడండి. కొండ, ఆకాశం, పాము. మూడింటిలోనూ కోడు లేదు, పట్టె లేదు, నవారు లేదు. ఎక్కడా అతుకు లేదు. నల్లి మనిషి ఒంటి మీద కాపురం ఉండదు, అది పేను పని. నల్లి కాపురం మంచం కోడుకీ పట్టెకీ మధ్య సందులో, నులక ముడుల్లో, పరుపు కుట్టులో, గోడ పగులులో. తెల్లవారుజామున వచ్చి, అయిదు పది నిమిషాల్లో భోజనం ముగించి, మళ్ళీ సందులోకి పోతుంది. ఆ సంగతి భాషలకి తెలుసు. మా ఊళ్ళో సగంమంది దాన్ని ఖట్మల్ అంటారు, అందులో ఖాట్ అంటే మంచమే. ఇంగ్లీషు బెడ్‌బగ్‌లో మంచం ఉంది. శాస్త్రజ్ఞులు ఒక జాతికి పెట్టిన సైమెక్స్ లెక్టులారియస్ అన్న లాటిన్ పేరులోనూ మంచం ఉంది. మనలాంటి వేడి దేశాల్లో ఎక్కువగా కనిపించేది దాని చెల్లెలు, సైమెక్స్ హెమిప్టెరస్. తెలుగు పేరులో మాత్రం మంచం లేదు. ఆ లోటుని ఈ పద్యం తీర్చింది. మంచం అన్న మాట ఎక్కడా వాడకుండా, మంచంలేని పడకలన్నీ ఏరి చూపించి, దోషం మంచానిదని తేల్చింది. శివుడి ఎంపికయితే శాస్త్రసమ్మతం కూడాను. మైనస్ 18 డిగ్రీల చలిలో నాలుగు రోజులుంచితే నల్లి, దాని గుడ్డు రెండూ చస్తాయి.

పంచతంత్రం చెప్పినవాడికీ ఈ వివరం తెలుసు. మిత్రభేదంలో రాజుగారి పాన్పు కథ గుర్తుంది కదా. మందవిసర్పిణి అనే పేను ఆ పాన్పులో ఎన్నాళ్ళుగానో గుట్టుగా బతుకుతోంది. అగ్నిముఖుడనే నల్లి అతిథిగా వచ్చి, రాజు నిద్రపోకముందే ఆత్రపడి కుట్టాడు. రాజు లేచాడు, నౌకర్లు వెతికారు. నల్లి మంచం సందులో దూరింది, పేను దుప్పటి మడతలో దొరికి చచ్చింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళకి చోటివ్వకూడదని నీతి చెబుతారు. నాకు ఆ నీతికంటే ఆ తనిఖీ జరిగిన పద్ధతి ముఖ్యంగా కనిపిస్తుంది. కుట్టింది ఒకరు, దొరికింది ఒకరు. చెక్కని విప్పి చూసే ఓపిక ఎవరికీ లేదు, పైకి కనిపించే గుడ్డని దులిపి తీర్పు చెప్పేశారు.

సరిగ్గా అటువంటి తీర్పు ఒకటి నేను బోధన్‌లో చూశాను.

మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలవ నీళ్ళకి చెరకు వచ్చింది, చెరకుతో 1937లో షక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోకెల్లా పెద్దదని గర్వంగా చెప్పుకునేవారు. 2015 డిసెంబరులో మూతపడింది, ఆ కథ వేరు. నేను చెప్పే రోజుల్లో గానుగ సీజను మొదలైందంటే బోధన్‌లో ప్రతి ఇల్లూ సత్రమే. చెరకు బళ్ళు బారులు తీరేవి. బండి వంతు వచ్చేదాకా రైతు బంధువులు, సీజను పనికి వచ్చినవాళ్ళు, వాళ్ళని చూడవచ్చినవాళ్ళు. మా పెద్దమ్మ ఇంట్లో మంచాలు చాలక పక్కింటి నుంచి అరువు తెచ్చేవారు. తర్వాత ఆ ఇంటివి ఈ ఇంటికీ, ఈ ఇంటివి ఆ ఇంటికీ. ఎవరి మంచం ఎవరిదో సీజను చివరికి కోడు మీద చెక్కిన గుర్తు చూసి తేల్చుకోవాలి. బళ్ళ మీద చెరకు వచ్చినట్టే మంచాల మీద నల్లి వచ్చేది. దానికి తూకం, రసీదు ఉండవు, అంతే తేడా.

అటువంటి ఒక సీజనులో పెద్దమ్మ పెద్ద కొడుక్కి పెళ్ళయింది. కోడలు బాన్సువాడ వైపు నుంచి సారెలో టేకు మంచంతో వచ్చింది. రెండు నెలలు తిరగలేదు, ఇంట్లో నల్లులు. ఎవరు తెచ్చారు? ఇంకెవరు, కోడలు! "కొత్త మంచంల వచ్చినయి" అని మా పెద్దనాన్న తీర్మానించాడు. ఆయన పాత కాలం చదువు చదివినవాడు. వరండాలో పడక్కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ మన కందాన్ని రాగయుక్తంగా వినిపించేవాడు. వచ్చినవాళ్ళు నవ్వేవారు. లోపల ఆ పిల్ల తల దించుకుని వినేది. టేకు మంచాన్ని గొడ్లకొట్టంలోకి తోయించారు. కొడుకు డాబా ఎక్కాడు. పిల్ల చాప మీద పడుకుంది. మంచం పోయింది, నల్లులు మాత్రం పోలేదు.

వేసవి వచ్చాక పెద్దమ్మ కొంగు బిగించి ఇంట్లో ఉన్న చెక్క సామానంతా వాకిట్లో పడేయించింది. నవార్లు విప్పి గంగాళంలో ఉడకేసింది. మంచాల కోళ్ళు ఊడదీయించి సందుసందులో మసిలే నీళ్ళు పోసింది. ఆ వరసలో పెద్దనాన్నగారి పడక్కుర్చీ వంతు వచ్చింది. ఆయన ససేమిరా అన్నాడు. ఆవిడ వినలేదు. కుర్చీ గుడ్డ దూర్చిన కర్ర లాగితే, ఆ కర్ర దాగిన గాడి నిండా నల్లులు! వాటికంటే ఎక్కువగా ఊక లాంటి పొట్టు, నల్లటి చుక్కలు. ఆ పొట్టు నల్లుల కుబుసం. నల్లి గుడ్డులోంచి వచ్చాక అయిదుసార్లు కుబుసం విడుస్తుంది. విడిచే ప్రతిసారీ ముందు ఒక భోజనం కావాలి. అంత పొట్టు పేరుకోవాలంటే రెండు నెలల పెళ్ళి చాలదు. అది ఏళ్ళ కాపురం. కోడలి టేకు మంచాన్ని కూడా గొడ్లకొట్టంలోంచి తెచ్చి విప్పి చూశారు. కొత్త చెక్క, బిగువైన అతుకులు. నాలుగో అయిదో దొరికాయి, అంతే.

పెద్దనాన్న ఓడిపోయినట్టు కనబడకుండా ఉండాలని మళ్ళీ పద్యం ఎత్తుకున్నాడు. పెద్దమ్మ చేతిలో కాగే నీళ్ళ చెంబు ఉంది. వెనక్కి తిరక్కుండానే అంది: "దేవుండ్లు ఉరికిండ్రు, సరే. మంచం ఎవలు కడిగిండ్రట?"

ఆ కందం మీద ఇంతకంటే మంచి విమర్శ నేనెక్కడా చదవలేదు. అలంకారశాస్త్రాలన్నీ పద్యంలో ఉన్నదానికి పేరు పెడతాయి, ఆవిడ పద్యంలో లేనిదాన్ని అడిగింది. సంస్కృత శ్లోకంలో కనీసం పడకలో ఉన్న లక్ష్మిని తెలుగులో ఎక్కడ దాచారో నాకు ఆ పూట అర్థమైంది. ఆవిడ నీళ్ళు కాస్తోంది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. పద్యానికి నేను శత్రువుని కాను. అది చేసిన మేలు చిన్నది కాదు. నల్లి అంటే సిగ్గు. ఇంట్లో దొంగలు పడితే నలుగురికీ చెప్పుకుంటాం, నల్లులు పడితే చెప్పుకోం. మురికిగా ఉండే ఇంట్లోనే నల్లి ఉంటుందని ఒక గట్టి నమ్మకం. నల్లికి మురికితో పని లేదు. అది తినేది నెత్తురొక్కటే, వెతికేది మనిషి ఒంటి వేడిని, ఊపిరిని. అద్దంలా తుడిచిన ఇంట్లోనూ ఒక సందు, ఒక మనిషి ఉంటే చాలు. వారపత్రికల వంటింటి చిట్కాలు "ఇల్లు శుభ్రంగా ఉంచుకోండి" అని మొదలుపెట్టి, ఇల్లాలిని ముందే బోనులో నిలబెడతాయి. మన కందం ఆ పని చేయలేదు. సాక్షాత్తు శేషశాయికే తప్పలేదంటే, ఇందూరు గుమాస్తా ఇంట్లో ఉండడం వింతా? ఆ నవ్వులో సిగ్గు కొంత కరుగుతుంది. పెద్దనాన్న ఆ పద్యాన్ని కోడలి సిగ్గు పెంచడానికి వాడుకున్నాడు, అది ఆయన పఠనంలో దోషం.

నల్లిని నవ్వుగా మార్చడం మన ఒక్కరి సొత్తేమీ కాదు. క్రీస్తుకి పూర్వం 423లో ఆడిన అరిస్టోఫనీసు 'మేఘాలు' నాటకంలో ఒక ముసలాయన సోక్రటీసు దగ్గర చదువుకి వెళతాడు. పడుకుని తత్త్వం ఆలోచించమంటే, పాపం, నల్లులు ఆలోచించనివ్వవు. మయకోవ్‌స్కీ 1929లో 'నల్లి' అని ఏకంగా నాటకమే రాశాడు. మంచులో గడ్డకట్టిన మనిషి యాభై ఏళ్ళకి లేస్తే, వాడితోపాటు వాడి నల్లీ లేస్తుంది. ఇద్దర్నీ బోనులో పెట్టి జనానికి చూపిస్తారు. ఇందాక చెప్పిన మైనస్ 18 లెక్కకి అది నిలవదుగాని, నాటకానికి నిలుస్తుంది. 1973 నాటి హిందీ సినిమా 'ఛుపా రుస్తుం'లో కిశోర్ కుమార్ ఖట్మల్‌ని బతిమాలుతూ పాడిన పాట మా ఊరి హోటళ్ళలో మోగుతుంటే, కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఇబ్బందిగా కదిలేవారు. మొత్తానికి వీటిల్లోనూ మంచం కడిగే మనిషి లేదు.

కందంలో అసలు లోపం ఎక్కడుందంటే, అది చెప్పే ఉపాయంలో. పారిపొమ్మంటుంది. పారిపోతే నల్లి కూడా వస్తుంది, చాప మడతలో, ట్రంకుపెట్టె మూలలో, సంచి కుట్టులో. ఖాళీ ఇంట్లో వదిలేసినా అది తిండి లేకుండా నెలల తరబడి కాచుకుని ఉండగలదు. పోనీ మంచాన్ని తగలబెడదామా? ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్న సామెత అవుతుంది. మందులతో సాధిద్దామా? రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డి.డి.టి. వచ్చి నల్లి వంశం నాశనమైందని లోకం సంబరపడింది. 1947లోనే హవాయి దీవుల్లో పెర్ల్ హార్బర్ బారకాసుల్లో దానికి లొంగని నల్లులు బయటపడ్డాయి. తర్వాత మన ఇళ్ళలో టిక్-20 సీసా అటక మీదికెక్కింది. ఆ తర్వాత ఎన్ని పేర్లు వచ్చినా నల్లి ఒక్కొక్కదానికీ అలవాటుపడుతూనే ఉంది. 2023లో పారిస్ నగరం నల్లులతో ఎంత గగ్గోలు పెట్టిందో పేపర్లలో చూశాం. అక్కడ మంచం బయట పడేసినవాళ్ళూ ఉన్నారు. మా పెద్దమ్మ ఉంటే ఏమనేదో!

మా ఊరికిప్పుడు కొత్త రకం సామాను వచ్చింది. కింద పెట్టెలాంటి అర ఉన్న ప్లైవుడ్ మంచాలు, గుడ్డ తొడిగిన సోఫాలు. చూడ్డానికి నున్నగా ఉంటాయి. వెనక్కి తిప్పి చూడండి, అతుకు పక్కన అతుకు, పిన్ను కొట్టిన గుడ్డ కింద చీకటి. నులకమంచాన్ని విప్పొచ్చు, వీటిని విప్పితే మళ్ళీ బిగవవు. సెకండ్‌హ్యాండ్ సోఫా ఆటోలో ఎక్కి ఇంటికి వస్తుంది, లోపలి చుట్టాల్ని ఎవరూ లెక్కపెట్టరు. ఇక మా జిల్లా నుంచి గల్ఫు వెళ్ళినవాళ్ళున్నారు. అక్కడి గదుల్లో ఒకదాని మీద ఒకటి ఇనప మంచాలు, పది మందికో గది. రెండేళ్ళకి ఇంటికి వస్తే, ఇల్లంతా పెట్టె చుట్టూ మూగుతుంది. నెల తర్వాత నల్లి కనబడితే, "దుబాయి పెట్టెల వచ్చింది" అంటారు. నిజమే కావచ్చు. కాకపోవచ్చు. పడక్కుర్చీ గాడి విప్పి చూసినవాళ్ళెవరు? వెనకటికి కోడలు నిలబడ్డ చోట ఇప్పుడు, రెండేళ్ళు నెత్తురు ధారపోసి డబ్బు పంపినవాడు నిలబడుతున్నాడు.

తీర్పు చెప్పేముందు స్క్రూడ్రైవరు తీసుకోవాలి. ఇంట్లో అన్ని మంచాలూ, కుర్చీలూ, గోడకి వేలాడే పటాల వెనకా ఒకే రోజు చూడాలి, ఒక గది ఇవాళ, ఒక గది రేపు అంటే అది గదులు మారుతుంది. దుప్పట్లు, నవారు, దిండు గలీబులు మసిలే నీళ్ళలో వేయాలి. చెక్క సందుల్లో చెంబుతో కాక, సన్న మూతి కెటిల్‌తో పోస్తే నీళ్ళు లోపలికి వెళతాయి. మా ఊరి మే ఎండ 45 డిగ్రీలు తాకుతుంది, దాన్ని వాడుకోవచ్చు. కాని ఎండలో పడేసిన మంచాన్ని అలాగే వదిలేస్తే నల్లి తాపీగా నీడవైపు నడుస్తుంది. గంటకోసారి తిప్పి, దులిపి, రాలినవాటిని వేణ్ణీళ్ళలో వేయాలి. యాభై డిగ్రీలు దాటిన వేడి తగిలితే గుడ్డు కూడా మిగలదు, తగలాలి, అదే కష్టం. శుభ్రమైన మంచాన్ని గోడకి జరిపి వేయకూడదు. కోళ్ళ కింద నున్నటి గిన్నెలు పెట్టి నీళ్ళు పోస్తే, దుప్పటి అంచు నేలకి తగలనంతకాలం, కింది నుంచి ఎక్కేది ఆగుతుంది.

ఈ పనికి ఇంట్లో ఇద్దరు కావాలి. ఒకరు మంచం పట్టుకోవాలి, ఒకరు పోయాలి. పట్టుకున్నవాళ్ళు పద్యం చదువుకోవచ్చు, అభ్యంతరం లేదు. పది రోజులాగి మళ్ళీ ఒకసారి నీళ్ళు కాచాలి. మొదటిసారి తప్పించుకున్న గుడ్లు అప్పటికి పగిలి, పిల్లలు తొలి భోజనానికి బయల్దేరుతుంటాయి.